జేబు కెమెరా ఎంపిక: జూమ్ ఎంత అని కాదు, జూమ్ చివర వెలుతురు ఎంత అని అడగాలి

గుంటూరులో ఉంటున్నామనీ, చలికాలంలో అమ్మానాన్నలతో కాశీకి, ఆ తరువాత హంపికి వెళ్లబోతున్నామనీ, ఇంట్లోని పెద్ద కెమెరా సంచి ఇక మోయలేక జేబులో పట్టే చిన్న కెమెరా కోసం చూస్తున్నామనీ రాశారు. సోనీ ఆర్ఎక్స్100 వరుస, క్యానన్ జీ7ఎక్స్ మార్క్ 3, రికో జీఆర్ 3, పానసోనిక్ టీజెడ్200 మధ్య తేల్చుకోలేకపోతున్నామనీ, వాడినది కొనడానికి అభ్యంతరం లేదనీ, నాన్నగారు కూడా దానితో ఫొటోలు తీస్తారనీ చెప్పారు. విజయవాడలో ఫొటోగ్రఫీ వృత్తిగా చేసుకుంటూ, సొంత ప్రయాణాలకు మాత్రం చాలా కాలంగా చిన్న కెమెరాలే వాడుతున్నవాడిగా నా అభిప్రాయం కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందుగా ఫోను సంగతి. పగటి వెలుతురులో, విశాలమైన దృశ్యానికి, నేటి మంచి ఫోనుకూ చిన్న కెమెరాకూ మధ్య తేడా మామూలు కంటికి అందదు. కొన్ని ఖరీదైన ఫోన్ల ప్రధాన కెమెరాలో, మీరు చూస్తున్న సోనీ, క్యానన్‌లలో ఉండే పరిమాణపు సెన్సరే (వెలుతురును చిత్రంగా మార్చే చిప్పే) ఉంది. కాబట్టి మీ ఫొటోలలో ఎక్కువ భాగం పగటిపూట తీసిన గోపురాలు, కొండలు, కుటుంబ సమూహ చిత్రాలే అయితే కొత్త కెమెరా కొనకండి. ఆ డబ్బు ప్రయాణానికే పనికివస్తుంది. ఫోను తడబడేది మరోచోట. కొంచెం దూరంగా ఉన్న మనిషి ముఖాన్ని చీకటి పడే వేళ తీయాలన్నప్పుడు దాని జూమ్ లెన్సు వెనక ఉన్న సెన్సర్ చాలా చిన్నది కావడంతో, సాఫ్ట్‌వేరు చర్మాన్ని మైనంలా నున్నగా చేసి ఇస్తుంది. మీరు కొనే కెమెరా ఆ ఒక్క పనిలో ఫోనును స్పష్టంగా దాటగలగాలి. నా ఎంపిక అంతా ఈ పరీక్ష మీదే ఆధారపడి ఉంటుంది.

సెన్సర్ గురించి రెండు ముక్కలు చాలు. ఎక్కువ జూమ్ ఉండే సాధారణ చిన్న కెమెరాలలో 1/2.3 అంగుళాల రకం సెన్సర్ ఉంటుంది, దాని వైశాల్యం సుమారు 28 చదరపు మి.మీ. ఆర్ఎక్స్100, జీ7ఎక్స్, టీజెడ్200లలో ఉండే ఒక అంగుళం రకం 13.2 × 8.8 మి.మీ., అంటే సుమారు 116 చదరపు మి.మీ. జీఆర్ 3లో ఏపీఎస్-సీ సెన్సర్ ఉంది. అది దీనికి మూడు రెట్లు పెద్దది. మొదటి రకాన్ని మీరు జాబితాలో చేర్చకపోవడం మంచిదే. 30 రెట్లు, 40 రెట్లు జూమ్ అని డబ్బా మీద రాసి అమ్మేవి ఇవే. ఉప్పలపాడు చెరువు గట్టున పగటిపూట నిలబడి గూడబాతులనూ ఎర్రకాళ్ల కొంగలనూ తీయడానికి అవి పనికివస్తాయి కానీ, దీపాల వెలుతురుకు పనికిరావు.

అసలు విషయం లెన్సులో ఉంది. ఇక్కడే కొనేవారు ఎక్కువగా పొరబడతారు, ఎందుకంటే అమ్మేవారు జూమ్ మొదటి అంచు అపర్చర్‌నే గట్టిగా చెబుతారు. అపర్చర్ అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం; ఎఫ్ పక్కన అంకె పెరిగినకొద్దీ వెలుతురు తగ్గుతుంది, మి.మీ. అంకె పెరిగినకొద్దీ దూరపు వస్తువు దగ్గరగా కనబడుతుంది. ఆర్ఎక్స్100లో 3, 4, 5, 5ఏ నమూనాల లెన్సు 24 నుంచి 70 మి.మీ. వరకు వెళుతుంది, అపర్చర్ ఎఫ్/1.8 నుంచి ఎఫ్/2.8. అదే వరుసలో 2018లో వచ్చిన 6వ నమూనా, 2019లో వచ్చిన 7వ నమూనా 24 నుంచి 200 వరకు వెళతాయి, అపర్చర్ ఎఫ్/2.8 నుంచి ఎఫ్/4.5. జీ7ఎక్స్ మార్క్ 3 24 నుంచి 100 వరకు వెళ్లి ఎఫ్/2.8 దగ్గరే ఆగుతుంది. టీజెడ్200 24 నుంచి 360 వరకు సాగుతుంది కానీ ఎఫ్/3.3తో మొదలై ఎఫ్/6.4కు చేరుతుంది. ఎఫ్/2.8 నుంచి ఎఫ్/6.4కు వెళితే సెన్సర్ మీద పడే వెలుతురు సుమారు ఐదో వంతుకు పడిపోతుంది. ఒకచోట ఐఎస్ఓ (అందిన వెలుతురును కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 800తో జరిగే పనికి మరోచోట 4000 దాటాలన్నమాట. ఒక అంగుళం సెన్సర్ మీద 1600 వరకు ధైర్యంగా, 3200 వరకు సర్దుకుని వాడవచ్చు. ఆ పైన చీర అంచులోని పని, తల వెంట్రుకలు కలిసిపోతాయి. పైగా లెన్సు పొడుగైనకొద్దీ చేతి వణుకు కూడా పెద్దదై కనబడుతుంది కనుక షట్టర్ వేగం పెంచాలి (అంటే వెలుతురు లోపలికి వచ్చే సమయం తగ్గించాలి), దానితో ఐఎస్ఓ మరింత పెరుగుతుంది.

ఈ లెక్కను మీరే స్వయంగా చూసుకోవడానికి కాశీ వరకు వెళ్లనక్కరలేదు. ఉండవల్లి గుహలు మీకు దగ్గరే. మధ్యాహ్నం ఎండలో నుంచి లోపలికి వెళ్లి, అనంతపద్మనాభస్వామి శయనమూర్తి ముందు కళ్లు చీకటికి అలవాటు పడేవరకు ఆగి, ఫ్లాష్ లేకుండా ముందు మొత్తం విగ్రహాన్ని, తరువాత ముఖాన్ని మాత్రమే జూమ్ చేసి తీయండి. మొదటిది ఏ కెమెరాతోనైనా వస్తుంది. రెండోది ఏది తెస్తుందో చూస్తే మీకు ఏ లెన్సు కావాలో తెలిసిపోతుంది. సాయంత్రమైతే ప్రకాశం బ్యారేజీ మీద నిలబడి ఎగువ వైపు సూర్యుడు నదిలోకి దిగిన తరువాత, దీపాలు వెలిగిన వేళ, పక్కన నడిచి వెళుతున్న మనుషులను తీసి చూడండి. విగ్రహం కదలదు కనుక చేతి వణుకును సరిచేసే కెమెరాలోని స్థిరీకరణ సాయంతో 1/10 సెకనుకు కూడా పని జరుగుతుంది. మనిషి కదులుతాడు, కనీసం 1/125 కావాలి. అక్కడ స్థిరీకరణ ఏమీ చేయలేదు. చిన్న కెమెరాల ప్రకటనలలో చేతి వణుకును ఇన్ని స్టాపులు (మెట్లు) ఆపుతుందని రాసే మాట నిజమే అయినా, మీ అమ్మగారు దీపం వెలిగిస్తున్నప్పుడు అది మీకు అక్కరకు రాదు.

కాశీలో మీకు రెండు వేర్వేరు వెలుతురులు ఎదురవుతాయి. ఘాట్లు గంగకు పడమటి ఒడ్డున ఉండి తూర్పుకు తిరిగి ఉంటాయి కనుక తెల్లవారుజామున పడవలో కూర్చుంటే ఎండ నేరుగా మెట్ల మీద, స్నానాలు చేసేవారి మీద పడుతుంది. అప్పుడు వెలుతురుకు కొదవ లేదు, కొరత దూరానిదే, 200 మి.మీ. ఉంటే మనుషులకు దగ్గరగా పోకుండానే ముఖాలు అందుతాయి. సాయంత్రం దశాశ్వమేధ ఘాట్‌లో హారతి సమయానికి పరిస్థితి తిరగబడుతుంది. పెద్ద దీపస్తంభాలు, పొగ, వెనక చీకటి, ముందు వరుసలో జనం. పడవలో నుంచి తీస్తే పడవ ఊగుతూనే ఉంటుంది కనుక షట్టర్ వేగం తగ్గించే వీలుండదు. ఇక్కడ ఎఫ్/2.8 దగ్గర ఆగే లెన్సే కావాలి. 70 మి.మీ. చాలదేమోనని భయపడవద్దు: 20 మెగాపిక్సెళ్ల చిత్రాన్ని 100 మి.మీ. దృశ్యానికి సరిపడా కత్తిరిస్తే దాదాపు 10 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. ఏ4 కాగితం మీద అంగుళానికి 300 చుక్కల లెక్కన అచ్చు వేయించుకోవడానికి 9 మెగాపిక్సెళ్లు సరిపోతాయి. కత్తిరించి దూరాన్ని కొంత సంపాదించుకోవచ్చు. లేని వెలుతురును మాత్రం తరువాత తెచ్చుకోలేరు.

విశ్వనాథుని ఆలయంలోకి ఫోనునూ కెమెరానూ అనుమతించరు, మన ఇంద్రకీలాద్రి మీదా అంతే. బయట లాకరులో పెట్టే ముందు మెమరీ కార్డు తీసి దగ్గర ఉంచుకోవడం నా అలవాటు.

రికో జీఆర్ 3 నాకు ఇష్టమైన కెమెరా, అయినా మీకు దానిని సూచించను. మందం 33 మి.మీ., బరువు 257 గ్రాములు; మీరు చెప్పిన నాలుగింటిలో చొక్కా జేబులో నిజంగా పట్టేది ఇదొక్కటే. మిగిలినవి సుమారు 300 నుంచి 340 గ్రాముల బరువుతో, 41 నుంచి 45 మి.మీ. మందంతో ఉంటాయి. మన ఎండలకు వేసుకునే పలుచని నూలు చొక్కా జేబులో పెడితే జేబు కిందికి వేలాడుతుంది, వంగితే కెమెరా జారిపడుతుంది. వాటికి ప్యాంటు జేబో, నడుముకు చిన్న సంచో తప్పదు. జీఆర్‌లో జూమ్ లేదు, 28 మి.మీ. ఒక్కటే. 2021లో వచ్చిన 3ఎక్స్‌లో 40 మి.మీ. ఒక్కటే. ఫోకస్ దూరాన్ని ముందే 2.5 మీటర్లకు కట్టేసి ఎఫ్/5.6 పెట్టుకుంటే, 28 మి.మీ. లెన్సుతో సుమారు మీటరున్నర నుంచి 12 మీటర్ల దాకా ఉన్నదంతా స్పష్టంగా వస్తుంది, బొత్తాం నొక్కగానే ఫొటో పడుతుంది. విజయవాడ బీసెంట్ రోడ్డు సందడిలో అంతకు మించిన కెమెరా నాకు తెలియదు. కానీ అది మనుషులకు బాగా దగ్గరకు వెళ్లి నిలబడగల వారి కెమెరా. దానికి ఫ్లాష్ లేదు, కంటికి ఆనించి చూసే వ్యూఫైండర్ లేదు, ఒక్క బ్యాటరీ మీద సుమారు 200 చిత్రాలే వస్తాయి. ఇద్దరు వాడే ఇంటి కెమెరాగా అది ఇబ్బంది పెడుతుంది.

వ్యూఫైండర్ మాట వచ్చింది కనుక నాన్నగారి విషయం ఇక్కడే చెప్పాలి. చత్వారం ఉన్నవారు వెనక తెర చూడాలంటే అద్దాలు పెట్టుకోవాలి. కెమెరా తీసి, అద్దాలు తీసి, పెట్టుకుని చూసేసరికి దృశ్యం వెళ్లిపోతుంది. వ్యూఫైండర్‌లో కంటికి తగ్గట్టు దిద్దుకునే చిన్న మీట ఉంటుంది, ఒకసారి సరిచేసుకుంటే చదువుకునే అద్దాలతో పని లేదు. హంపిలో విఠలాలయం రాతి రథం ముందు మిట్టమధ్యాహ్నం నిలబడితే, కళ్లు బాగున్నవారికి కూడా వెనక తెర మీద తమ ముఖమే కనిపిస్తుంది. ఆర్ఎక్స్100లో 3వ నమూనా నుంచి పైకి లేచే వ్యూఫైండర్ ఉంది, టీజెడ్200లోనూ ఉంది, జీ7ఎక్స్‌లో లేదు. లెన్సు ఒక్కటే చూస్తే 100 మి.మీ. దగ్గర కూడా ఎఫ్/2.8 ఇచ్చే జీ7ఎక్స్ మీ హారతికి అన్నిటికన్నా తగినది. ఈ ఒక్క కారణంతోనే దానిని రెండో స్థానానికి దించుతున్నాను. ఈ మధ్య సామాజిక మాధ్యమాలలో పేరు పెరిగి, దాని ధర కూడా దాని స్థాయిని మించిపోయింది.

మిట్టమధ్యాహ్నపు ఎండ ఇంకొక పని కూడా నేర్పుతుంది. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు కళ్ల గుంటలలో నీడ పడి ముఖం అలసిపోయినట్టు వస్తుంది. కెమెరాలోని చిన్న ఫ్లాష్‌ను అప్పుడు బలవంతంగా వెలిగించండి. ఈ చిన్న కెమెరాలలో షట్టర్ లెన్సులోనే ఉంటుంది కనుక, 1/1000 సెకను వంటి వేగంలో కూడా ఫ్లాష్ కలుస్తుంది. పెద్ద డీఎస్ఎల్ఆర్‌లు మామూలుగా 1/200, 1/250 దగ్గరే ఆగిపోతాయి. రెండు మీటర్ల లోపు నిలబడిన మనిషికి ఈ చిన్న ఫ్లాష్ చాలు. రాత్రి కంటే పగలే ఫ్లాష్ ఎక్కువ వాడేది ఇటువంటి కెమెరాతోనే అని చెబితే మా దగ్గర పని నేర్చుకునే కుర్రవాళ్లు మొదట నమ్మరు.

ఇక దుమ్ము. లెన్సు లోపలికీ బయటికీ జరిగే ప్రతి చిన్న కెమెరా, జరిగిన ప్రతిసారీ కొంత గాలిని లోపలికి పీలుస్తుంది, గాలితో పాటు దుమ్మునూ. లెన్సు విప్పే వీలు లేదు కాబట్టి సెన్సర్ మీద పడ్డ మరకను మనం తుడవలేము, కెమెరా మొత్తం విప్పించాలి. గుంటూరు మిర్చి యార్డులో సీజను వేళ గాలిలో ఏముంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. అక్కడ తీయాలంటే లెన్సు బయటికి తెరిచిన తరువాత మూయడం, తెరవడం మానేసి, జూమ్‌ను కదపకుండా పని ముగించి, గాలి తగలని చోటికి వచ్చాక ఆపండి. ప్యాంటు జేబులో నూలుపోగులు కూడా ఇదే పని చేస్తాయి కనుక, జేబులో పెట్టేటప్పుడు పలుచని గుడ్డ సంచిలో ఉంచి పెట్టండి. యార్డు ప్రస్తావన ఎలాగూ వచ్చింది: రాశులుగా పోసిన ఎర్ర మిరపకాయలను తీస్తే కాయల మీది గీతలు పోయి ఎర్ర ముద్దగా వస్తుంది, ఎందుకంటే మొత్తం వెలుతురు సరిపోయినట్టు కనిపించినా ఎరుపు వర్ణం ఒక్కటీ హద్దు దాటిపోతుంది. మూడు రంగులకూ విడివిడిగా హిస్టోగ్రామ్ (వెలుతురు పంపిణీ పటం) చూపే ఏర్పాటు ఉంటే ఎరుపును గమనించి, చిత్రపు మొత్తం వెలుతురును నిర్ణయించే ఎక్స్‌పోజర్‌ను –0.7కు తగ్గించండి. కాశీలో బంతిపూల దండలు, కాషాయ వస్త్రాలు, దీపజ్వాలలు కూడా ఇదే తంటా పెడతాయి. రా ఫైలు (కెమెరా దిద్దని ముడి చిత్రం) కూడా భద్రపరిస్తే తరువాత దిద్దుకునే వీలు ఎక్కువ.

తేమ సంగతి కోస్తాలో పుట్టినవారికి తెలిసినదే. ఏసీ పెట్టెలో నుంచి ప్లాట్‌ఫారం మీదకు దిగగానే లెన్సు మసకబారుతుంది, తుడిస్తే మళ్లీ వస్తుంది. దిగే ముందు గట్టిగా మూసిన ప్లాస్టిక్ సంచిలో పెట్టి, బయటి వేడికి అలవాటు పడేవరకు ఆ సంచిలోనే ఉంచాలి. ఇంటికి వచ్చాక తోలు సంచిలో పెట్టి బీరువాలో మరచిపోతే ముసురు రోజులకు లెన్సులో ఫంగస్ పుడుతుంది. మూత బిగువుగా ఉండే డబ్బాలో సిలికా జెల్ సంచులతో ఉంచండి.

మీకు నా సలహా ఆర్ఎక్స్100లో 5ఏ నమూనా. ఎఫ్/1.8 నుంచి ఎఫ్/2.8 లెన్సు, వ్యూఫైండర్, ఫ్లాష్ మూడూ అందులో ఉన్నాయి, ఫోకస్ వేగం 3, 4 నమూనాల కంటే మెరుగు. ధర అందకపోతే వాడిన 3వ నమూనా తీసుకోండి. లెన్సు అదే, కదిలే మనుషుల మీద ఫోకస్ మాత్రం నెమ్మది. హారతి కన్నా పొద్దుటి పడవ ప్రయాణమే మీకు ముఖ్యమనిపిస్తే 6వ నమూనా చూడండి. 7వది అత్యంత ఖరీదైనది. దానిలో అదనంగా ఉన్నది మరింత చురుకైన ఫోకస్, వీడియోకు మైకు పెట్టుకునే రంధ్రం, లెన్సులో మార్పు లేదు. టీజెడ్200ను పక్షుల కోసం కొనేవారికే సూచిస్తాను.

వాడినది కొంటే పగటిపూట, అమ్మేవారి ఎదుటే కొన్ని పరీక్షలు చేయండి. అపర్చర్‌ను ఎఫ్/11కు పెట్టి, తెల్లగోడనో ఖాళీ ఆకాశాన్నో పూర్తి జూమ్‌లో తీసి పెద్దది చేసి చూస్తే సెన్సర్ మీది దుమ్ము నల్లని మచ్చలుగా బయటపడుతుంది. గోడకు దినపత్రిక అంటించి నేరుగా ఎదురుగా నిలబడి చిన్న ఎఫ్ అంకెతో, అంటే పెద్ద అపర్చర్‌తో తీయండి. నాలుగు మూలల్లో ఒక మూల అక్షరాలు మాత్రమే అలుక్కుపోతే కెమెరా ఎప్పుడో కింద పడి లెన్సు పక్కకు ఒరిగిందని అర్థం, ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. కెమెరాను పలుమార్లు వెలిగించి ఆర్పి, లెన్సు తడబడకుండా, గరగరమనకుండా వస్తోందో లేదో వినండి. కొత్తది కొంటే డబ్బా మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ ముద్రించి ఉండాలి, జీఎస్టీతో బిల్లు ఇవ్వాలి. అవి లేకుండా తక్కువకు వచ్చేది బయటి దేశపు సరుకు, మన దేశంలో దానికి వారంటీ సాధారణంగా దొరకదు. బ్యాటరీలు రెండు అదనంగా తీసుకోండి, విమానంలో వెళితే విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి. సోనీ మామూలు పవర్ బ్యాంకుతో ఛార్జ్ అవుతుంది. జీ7ఎక్స్ మార్క్ 3 తీసుకుంటే పీడీ (పవర్ డెలివరీ) సౌకర్యం ఉన్న ఛార్జరు లేనిదే ఛార్జ్ కాదని గుర్తుంచుకోండి.

నాన్నగారి చేతికి ఇచ్చే ముందు ఆయన కోసం కెమెరాను వేరుగా అమర్చి పెట్టండి. పీ మోడ్ (వెలుతురు లెక్కలు కెమెరానే చూసుకునేది), ఐఎస్ఓ ఆటో, దానికి గరిష్ఠ హద్దు 3200, ముఖాలను గుర్తించే ఫోకస్, ఫ్లాష్ మూసి. ఈ అమరికను ఎమ్ఆర్ స్థానంలో భద్రపరిస్తే పైనున్న చక్రం అక్కడికి తిప్పగానే అన్నీ వాటంతట అవే వస్తాయి. 5ఏలో వ్యూఫైండర్ పైకి లేచాక కంటివైపు భాగాన్ని వెనక్కి లాగాలి, లేకపోతే అంతా మసకగా కనిపిస్తుంది. ఈ రెండో అడుగు మరచిపోయి కెమెరా పాడైందనుకునేవారు చాలామంది. అది ఆయనకు ఇంట్లోనే నాలుగుసార్లు చేయించి చూపండి. మణికట్టు తాడు మాత్రం ఇద్దరికీ తప్పనిసరి, ముఖ్యంగా పడవలో.